గాలిలో వేలాడే మనిషి

మధ్యాహ్నం కాపలా పంతులమ్మది. పొద్దునా సాయంత్రమూ బావవి. ఇలా ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. ఆసుపత్రి మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద అక్క పడుకుని ఉంటుంది. పడుకోవడమంటే హాయిగా ఒత్తిగిలి కునుకు తీస్తోందనుకునేరు. మెదడులో నరం చిట్లిన రోజు నుంచీ ఆవిడ వేలు కదపలేదు, కన్ను తిప్పలేదు, పిలిస్తే పలకలేదు. నోట్లో ఒక గొట్టం, ముక్కులో ఒక గొట్టం, తల దగ్గర గాలి కొట్టే యంత్రం, దాని పక్కన గుండె వేగం చూపించే పెట్టె. పంతులమ్మ కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, సంచి మంచం కింద పెట్టి, కుర్చీలో కూలబడి ఆ పెట్టెలో పచ్చటి అంకె వంక చూస్తుంది. అరవై ఎనిమిది. అరవై తొమ్మిది. మళ్ళీ అరవై ఎనిమిది. ఇంటికెళ్ళాక కళ్ళు మూసుకున్నా ఆ అంకే కనిపిస్తుంది.

పంతులమ్మ అంటే బడి పంతులమ్మ కాదు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి ఈమధ్యే రిటైరయింది. ఆ పేరు పెట్టింది బావ. పంతులమ్మ వాళ్ళ నాన్న కొట్లో మందులు నూరే పనికి చేరిన కొత్తలో, "ఈ పిల్ల మంచినీళ్ళడిగినా పాఠం చెప్పినట్టే ఉంటుంది" అన్నాడు. అప్పుడావిడ ఇంకా పరికిణీల్లో తిరిగే పిల్ల. ఎప్పుడో అన్న మాట, జుట్టు నెరిసినా వదల్లేదు.

నాన్న హకీం. యునానీ వైద్యం ఆ ఇంట్లో ఎన్ని తరాల నుంచి ఉందో చెప్పగలిగినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. వెయ్యేళ్ళ కిందట అరబ్బీలో పుస్తకాలు రాసి పెట్టి పోయిన వైద్యుల్ని ఆయన "మన పెద్దాయనలు" అనేవాడు, వాళ్ళు పక్క వీధిలో కాపురముంటున్నట్టు. ఏ రోగి వచ్చినా, "దీనికి పెద్దాయన ఏమన్నాడంటే" అని మొదలుపెట్టేవాడు. "ఆ పెద్దాయన వచ్చి కాస్త ఈ గిన్నెలు తోమిపెడతాడేమో కనుక్కోండి" అని లోపల్నించి అమ్మ. ఆ పాతకాలం వాళ్ళు పగలంతా రోగుల్ని చూసి, దీపం పెట్టాక ఆత్మ అంటే ఏమిటో రాసుకునేవాళ్ళట. ఒక్క మనిషి చేసిన ఆ రెండు పనుల్ని నాన్న ఇద్దరు కూతుళ్ళకీ పంచాడు. అక్క నాడి పట్టింది. చెల్లెలు ఆత్మని పట్టుకుంది. జీతం వచ్చింది చెల్లెలికి, జనం వచ్చింది అక్కకి.

ఇప్పుడు సంగతేమిటంటే, బుర్ర డాక్టరు ఒక మాట చెప్పింది. మెదడు జబ్బులు చూసే ఆ పిల్లకి బావ పెట్టిన పేరది. పేరు పెట్టందే ఆయనకి మనుషులు గుర్తుండరు. ఇద్దర్నీ కూర్చోబెట్టి, గుచ్చిగుచ్చి అడిగితే గానీ పెదవి విప్పని ఆ డాక్టరు ఈసారి కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. ఈ గొట్టం ఇలా నోట్లో ఇక ఉంచకూడదు. గొంతుకు చిల్లు పెట్టి, యంత్రంతో సహా ఇంటికి పంపితే మనిషి ఇలాగే ఏళ్ళ తరబడి ఉండొచ్చు. వద్దనుకుంటే, నొప్పి తెలియకుండా మందిచ్చి యంత్రం ఆపేయొచ్చు. ఏదైనా సంతకం పెట్టాల్సింది భర్త.

"లోపల ఆవిడ ఉందా, లేదా? అది చెప్పండి ముందు," అన్నాడు బావ.

"మా పరీక్షల్లో స్పందన ఏమీ కనిపించలేదండి."

"కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు కదా డాక్టరమ్మా. నేను చెయ్యి పట్టుకుంటే బదులు చెబుతోంది. నా వేళ్ళకి తెలుస్తోంది."

డాక్టరు పంతులమ్మ వంక చూసింది. పంతులమ్మ తల దించుకుంది. బావ చెయ్యి పట్టుకునే తీరు ఆవిడ రోజూ చూస్తూనే ఉంది. మణికట్టు మీద వేళ్ళు గుచ్చి పట్టుకుంటాడు పాపం. నాన్న కొట్లో నాడి నేర్చుకోవడానికొచ్చిన ప్రతివాడూ మొదటి వారం చేసే పొరపాటే అది. గట్టిగా నొక్కితే నీ వేళ్ళలో నెత్తురే నీకు కొట్టుకుంటుంది, రోగి నాడి అణిగిపోతుంది. నాన్న బావకి ఎన్నోసార్లు చెప్పి, చివరికి విసుగొచ్చి రోలు దగ్గర కూర్చోబెట్టాడు. ఆ రోలు దగ్గరే బావ గొప్పవాడయ్యాడు, అక్కని పెళ్ళి చేసుకున్నాడు. నాడి మాత్రం రాలేదు.

వరండాలోకి వచ్చాక బావ అన్నాడు, "నీకు మీ నాన్న నేర్పాడు కదా. నువ్వు చూడు. నువ్వు ఉందంటే ఇంటికి తీసుకెళ్తాను, రాత్రీ పగలూ నేనే చూసుకుంటాను. లేదంటే సంతకం పెట్టేస్తాను. నీ మాటే మాట."

ఇంత బరువు నెత్తిన పెట్టి, ఆయన టీ తాగడానికి కిందికి వెళ్ళిపోయాడు.

పంతులమ్మ కాలేజీలో ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం ఒకటుంది. ఆ పాతకాలపు వైద్యుడే, నాన్న పెద్దాయనల్లో అందరికన్నా పెద్దాయన, ఒక ఊహ చెప్పాడు. ఒక మనిషి ఖాళీ గాలిలో వేలాడుతూ పుట్టాడనుకోండి. కళ్ళకి గంతలు. చెవిన ఒక్క చప్పుడు పడదు. చేతులూ కాళ్ళూ విడివిడిగా చాచి ఉన్నాయి, ఏదీ దేన్నీ తాకదు. తన ఒళ్ళు ఉన్నట్టే తనకు తెలియదు. అయినా తానున్నానని అతనికి తెలుస్తుందా? తెలుస్తుంది, అన్నాడాయన. వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు ప్రతి ఏడూ అడిగేవాడు, "మేడమ్, వాడికి ఆకలేస్తుందా?" అని. క్లాసంతా గొల్లుమనేది. ఆవిడా నవ్వేది. పరీక్షలో పది మార్కుల ప్రశ్న అది.

ఇప్పుడా మనిషి మూడో అంతస్తులో కిటికీ పక్కన పడుకుని ఉంది. లోపలున్న మనిషికి తానున్నట్టు తెలుస్తుందన్నాడు సరే. బయట కుర్చీలో కూర్చుని నడుం విరగ్గొట్టుకుంటున్న వాళ్ళకి ఎలా తెలుస్తుందో మాత్రం ఆ మహానుభావుడు చెప్పకుండా పోయాడు. పంతులమ్మకి ఆయన మీద ఒళ్ళు మండింది.

అయితే నాడికి సంబంధించి నాన్న దగ్గర ఒక పద్ధతుండేది. అదీ ఆ కాలానిదే. ఏ జబ్బూ లేకుండా చిక్కి శల్యమైపోతున్న కుర్రాడి దగ్గరికి వైద్యుడు వెళ్ళి, నాడి మీద వేళ్ళుంచి, ఊళ్ళో వీధుల పేర్లు ఒక్కొక్కటే చెప్పించాడట. ఒక వీధి పేరు దగ్గర నాడి ఎగిరింది. ఆ వీధిలో ఇళ్ళ పేర్లు చెప్పించాడు. ఒక ఇంటి దగ్గర మళ్ళీ ఎగిరింది. ఆ ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. జబ్బు దొరికింది. నాన్న ఈ విద్యని రోగులకే కాదు, కొట్లో తేనె జాడీ ఖాళీ చేసిందెవరో కనిపెట్టడానికీ వాడేవాడు. కూతుళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని, బళ్ళో కబుర్లు అడుగుతూ మధ్యలో మెల్లగా "తేనె" అనేవాడు. ప్రతిసారీ దొరికేది చెల్లెలే. తిన్నది ఇద్దరూ.

ఆదివారం సాయంత్రం బావని పక్కన నిలబెట్టుకుని పంతులమ్మ అక్క మణికట్టు మీద నాలుగు వేళ్ళూ ఆనించింది, ఆనీ ఆననట్టు. చెవి దగ్గర వంగి పేర్లు చెప్పింది. అమ్మ. నాన్న. బావ. పుట్టిన వారానికే పోయిన అక్క బిడ్డ, దానికి పెట్టాలనుకుని పెట్టని పేరు. చిన్నప్పటి ఇల్లు. కొట్టున్న సందు. తేనె. ఒక్కో పేరుకీ ఆగింది, మళ్ళీ చెప్పింది. నాడి గోడ గడియారం లోలకంలా తన పాటికి తాను కొట్టుకుంటూనే ఉంది, ఎక్కడా తొణకలేదు.

చెయ్యి తీసేసింది. తీస్తుంటే ఆవిడ ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. అది దుఃఖం కాదు. ఇక మధ్యాహ్నాలు ఈ కుర్చీలో కూర్చోనక్కర్లేదు. మంచం మీద మనిషిని పక్కకి తిప్పి వీపు తుడవనక్కర్లేదు. ఇంటికెళ్ళి తలుపేసుకుని పడుకోవచ్చు. ఇలా అనిపించినందుకు సిగ్గేసింది, కానీ అనిపించింది.

"లేదు బావా," అంది.

"గురువారం పొద్దున సంతకం పెడతానని చెప్పేస్తాను," అన్నాడు బావ.

బుధవారం మధ్యాహ్నం దగ్గు పెద్దమ్మ వచ్చింది. ఈవిడ అక్క దగ్గర ఎన్నో ఏళ్ళుగా మందు పుచ్చుకుంటున్న రోగి. కొట్టు ముందు ఈవిడ దగ్గు వినిపిస్తే మిగతా రోగులు ఇవాళ్టికింతే అనుకుని లేచిపోయేవాళ్ళు, ఎందుకంటే ఈవిడ కూర్చుంటే అక్కకి పూట గడిచిపోయేది. మిగిలినవాళ్ళంతా ఒకటి రెండుసార్లొచ్చి చూసి ముఖం చాటేశారు. ఈవిడ మాత్రం వారం వారం రెండు బస్సులు మారి వస్తుంది. వచ్చి, అక్క పలుకుతున్నట్టే మాట్లాడుతుంది. పంతులమ్మకి ఆవిడంటే మహా విసుగు.

"హకీమమ్మా, బస్సులో ఒకటే జనం. నిలబడే వచ్చాను. మా కోడలు కొత్త చీర కొంది, రంగు చూస్తే నీకు నవ్వాగదు." అంటూ పెద్దమ్మ కుర్చీ లాక్కుంది. పంతులమ్మ మంచానికి అవతలి పక్క నిలబడి, అలవాటు కొద్దీ అంకె వంక చూసింది. అరవై ఎనిమిది.

"దగ్గు తగ్గింది గానమ్మా, ఇప్పుడు గుండెల్లో మంట మొదలైంది. పొద్దున లేస్తే నోరంతా చేదు. అన్నం చూస్తే వికారం. కాళ్ళు ఒకటే లాగడం."

అంకె డెబ్భై మూడయింది. డెబ్భై తొమ్మిదయింది. ఎనభై నాలుగు దగ్గర ఆగింది.

పంతులమ్మ మంచం చువ్వ పట్టుకుని ముందుకి వంగింది. పెద్దమ్మ పెట్టె వంక చూడనైనా లేదు. మళ్ళీ కోడలి చీర దగ్గరికి వెళ్ళిపోయింది. అంకె మెల్లమెల్లగా దిగి అరవై తొమ్మిదికి వచ్చింది. చీర అయిపోయింది, అద్దె ఇల్లు వచ్చింది, బస్సు కండక్టరు వచ్చాడు. అంకె కదల్లేదు.

"ఆఁ, చెప్పడం మరిచాను. తెల్లారుజామున చెమటలు పడుతున్నాయమ్మా, దుప్పటి తడిసిపోతోంది. ఏం వాడమంటావు?"

ఎనభై ఒకటి. ఎనభై ఆరు.

"ఇక లే పెద్దమ్మా. నీకు బస్సు దొరకదు," అంది పంతులమ్మ.

ఆవిడ దగ్గుకుంటూ వెళ్ళిపోయాక పంతులమ్మ అదే కుర్చీలో కూర్చుంది. చూసింది తానొక్కతే. పెద్దమ్మకి అంకెలు రావు. నర్సు అవతలి వార్డులో ఉంది. రేపు పొద్దున సంతకం. నోరు మూసుకుని కూర్చుంటే అయిపోతుంది. ఏదో కాకతాళీయం అనుకోవచ్చు. పెద్దమ్మ గొంతు పెద్దది, అందుకు ఎగిరిందనుకోవచ్చు. దేవుడా, ఇది నా కంట పడకపోయి ఉంటే ఎంత బావుండేది అనుకుంది పంతులమ్మ. నిజంగానే అనుకుంది.

తన పొరపాటు ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. ఆ కథ ప్రేమలో పడ్డ కుర్రాడిది. పేర్లు చెప్పాలన్న విద్య నాన్న నేర్పాడు కాబట్టి, తాను మారుమాట లేకుండా పేర్లే చెప్పింది. అక్క ఏనాడు మనుషుల పేర్లకి ఉలిక్కిపడింది గనక? బావ పుట్టినరోజు మర్చిపోతుంది, చెల్లెలి పెళ్ళికి కొట్టు కట్టేసి ముహూర్తం దాటాక వచ్చింది. అదే, ఎవరో రోగి వచ్చి కడుపులో మంట అంటే, తింటున్న కంచం ముందు నుంచి లేచిపోతుంది. అలాంటి మనిషి చెవిలో అమ్మా నాన్నా అని జపం చేసి, నాడి కదల్లేదని తీర్పు చెప్పేసింది.

ఒక్కసారి చూసి నమ్మొద్దు, అనేవాడు నాన్న. ముఖ్యంగా నీకు కావాల్సిన జవాబు వచ్చినప్పుడు అసలు నమ్మొద్దు. మందు పనిచేసిందంటే, ఇవ్వనివాళ్ళ సంగతేమిటో కూడా చూసి మాట్లాడు. ఇదంతా పెద్దాయనల మాటేనట. వెయ్యేళ్ళయింది పోయి, ఇంకా మనిషిని కాస్త కన్ను మూయనివ్వరు కదా, అని తిట్టుకుంటూ పంతులమ్మ లేచి డాక్టరు గదికి వెళ్ళింది.

బుర్ర డాక్టరు అప్పుడే అన్నం డబ్బా తెరిచింది. చెప్పిందంతా విని, మూత పెట్టేసింది.

"నేను చూడలేదు కాబట్టి ఉందని చెప్పలేను మేడమ్. కానీ పరీక్షించొచ్చు. మీరు మాత్రం ఎదురుగా ఉండకూడదు. ఏది ఎప్పుడు చదువుతున్నామో అంకె రాసుకునేవాళ్ళకి తెలియకూడదు. జబ్బు మాటలు కొన్ని, మామూలు మాటలు కొన్ని, ఒకే గొంతుతో, కలగాపులగంగా."

"కొందరికి మందిచ్చి, కొందరికి ఇవ్వకుండా చూడటంలాంటిది," అంది పంతులమ్మ.

"అవును. మాకు మొదటి ఏడే నేర్పుతారు."

"ఎక్కణ్ణుంచి వచ్చిందో నేర్పారా? తలనొప్పీ జ్వరమూ వచ్చిన రోగుల్లో కొందరికి నెత్తురు తీయించి, కొందరికి కావాలనే తీయించకుండా వదిలేసి తేడా చూశానని రాసుకున్న వైద్యుడొకాయన ఉన్నాడు. మీ ఆసుపత్రులు పుట్టకముందు."

డాక్టరు అలసటగా నవ్వింది. "నేర్పలేదండి. మంచి ఆయనే. పదండి, చూద్దాం."

పంతులమ్మని తెర అవతల నిలబెట్టారు. గొంతు మెత్తనైన ఒక నర్సు చదివింది. బయట ఎండగా ఉంది. మోకాళ్ళు పట్టేశాయి, మెట్లెక్కలేకపోతున్నాను. కొత్త రోడ్డు వేస్తున్నారు. తిన్నది అరగడం లేదు. పెట్టె వైపు తిరిగి, చెవుల్లో దూది పెట్టుకున్న ఇంకో నర్సు అంకెలు రాసుకుంది. చదవడం అయ్యాక మాటల వరస మార్చి మళ్ళీ చదివారు. ఆఖరున బుర్ర డాక్టరు తనంతట తానే వంగి, "జ్వరంతో ఒళ్ళు కాలిపోతోందండి. దుప్పట్లు కప్పి, కిటికీలు మూసి, మిరియాల కషాయం తాగించాను," అంది. "తొంభై దాటింది," అని పెట్టె దగ్గర నర్సు పైకే అనేసింది.

తెర అవతల పంతులమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అక్కకి కోపం వచ్చింది. తప్పుడు వైద్యం చెబితే అక్క కళ్ళెర్రజేసేది, ఇప్పుడు ఎర్రజేయడానికి కళ్ళు ఆవిడ మాట వినడం లేదు.

మాటల వరస కాగితమూ అంకెల కాగితమూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి డాక్టరు అంది, "ఎంతవరకు ఉందో, కోలుకుంటుందో లేదో నాకు తెలియదు. కోలుకోకపోవచ్చు. లేదని మాత్రం ఇక నేను చెప్పను."

కొట్టుకి వెళ్ళేసరికి సందులో ఎండ ఇంకా ఉంది. సగం తలుపు మూసి, మందు జాడీల కింద బల్ల మీద బావ నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని, గురక పెట్టి, ఒళ్ళు తెలియని నిద్ర. ఆయన్ని లేపాలంటే పంతులమ్మకి చేతులు రాలేదు. కాసేపలా నిలబడి, తర్వాత భుజం తట్టింది.

"పొద్దయిందా? సంతకానికి వెళ్ళాలి," అంటూ లేచాడు.

"సాయంత్రమే బావా. సంతకం వద్దు. అక్క ఉంది." జరిగిందంతా చెప్పింది. పెద్దమ్మ సంగతి, నర్సుల సంగతి, తొంభై దాటిన సంగతి. చెబుతున్నంతసేపూ ఆయన సంబరపడతాడనుకుంది. చెయ్యి పట్టుకుంటే బదులు చెబుతోందని పోట్లాడిన మనిషి కదా.

బావ ముఖం పాలిపోయింది. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు లేదన్న రోజు నుంచి నిద్రపోతున్నాను పంతులమ్మా. ఎన్నాళ్ళకో ఇలా పడుకున్నాను. ఈ కబురు నువ్వు చెప్పకపోతే ఏం పోయింది?"

"నాకూ అలాగే అనిపించింది బావా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆయన ఒక జాడీ మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఇవాళ పొద్దున మీ అక్కతో చెప్పేశాను," అన్నాడు. "ఇక వెళ్ళిరా అన్నాను. కొట్టు నేను చూసుకుంటాను, బెంగపెట్టుకోకు అన్నాను. రేపే, నొప్పి ఉండదట, డాక్టరు మాటిచ్చింది అన్నాను. అదంతా విందా?"

పంతులమ్మకి అబద్ధం చెప్పాలనిపించింది. ఆదివారం తానన్న మాట కూడా విని ఉంటుందని అప్పుడే తట్టింది. తలకి దగ్గరగా నిలబడే అంది కదా, లేదు బావా అని.

"వినే ఉంటుంది," అంది.

బావ లేచి ముఖం కడుక్కుని, కొట్టుకి తాళం వేశాడు. ఆసుపత్రిలో లిఫ్టు దగ్గర జనం ఉంటే ఇద్దరూ మెట్లెక్కారు. వార్డులోకి వెళ్ళగానే ఆయన మంచం పక్కకి నడిచాడు. చెయ్యి పట్టుకోబోయి, మానుకుని, రోగులు కూర్చునేలాగ ఆవిడకి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆవిడ దగ్గర మందు పుచ్చుకోలేదు. తలనొప్పి వస్తే చాటుగా మందుల షాపుకెళ్ళి బిళ్ళ కొనుక్కుని మింగేవాడు.

"నాకు ఒంట్లో బాగాలేదు," అన్నాడు నెమ్మదిగా. "చాలా రోజుల నుంచి. నడుం నొప్పి లేవనివ్వదు. తల దిమ్ముగా ఉంటుంది. ఆదివారం నుంచి నిద్ర పట్టింది. ఎందుకు పట్టిందో నీకు తెలుసు, విన్నావుగా. ఇవాళ్టి నుంచి ఇక పట్టదు." ఆగి, పైపంచెతో ముక్కు తుడుచుకున్నాడు. "ఏం వాడమంటావు?"

పెట్టెలో అంకె డెబ్భై అయింది, ఎనభై అయింది, ఇంకా ఎక్కుతూనే ఉంది. పంతులమ్మ సంచి మంచం కింద పెట్టి, అవతలి పక్క కుర్చీలో కూర్చుంది.